లేని కాలి వేళ్లు

నర్సాగౌడ్ రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబడి ఎడమ కాలు ముందుకు వేశాడు. మోకాలి కింది నుంచి అది సుగుణ చేసిన కాలు. నాలుగు రోజులు ప్లాస్టర్ పోసి, అచ్చు తీసి, అరగదీసి, మళ్లీ అరగదీసి తయారు చేసింది. చదువులో చేరాక ఆమె ఒక మనిషికి తొడిగిన మొదటి కాలు అదే.

“ఎట్లున్నది బాపూ?” అని అడిగింది.

“మంచిగున్నది మేడం. మస్తున్నది.”

ఆ మాట పూర్తయ్యేలోపే సుగుణ కెవ్వుమని అరిచి పక్కనున్న బల్ల పట్టుకుంది. మోకాలికి కాస్త కింద, బయటి వైపు ఎముక గుబ్బ మీద, ఎవరో ఉలి ఆనించి సుత్తితో కొట్టినట్టయింది. నర్సాగౌడ్ ఇంకో అడుగు వేశాడు. మళ్లీ అదే చోట అదే దెబ్బ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను మాత్రం చిరునవ్వుతోనే ఉన్నాడు.

“ఆగండి నర్సాగౌడ్ గారూ, కూర్చోండి,” అంది ప్రొఫెసర్ వకుళ. తర్వాత విద్యార్థుల వైపు తిరిగింది. “విన్నారుగా? మస్తుందట. పదకొండేళ్లలో ఈయనకు మూడు కాళ్లిచ్చారు. మూడూ ఇంట్లో గోడకు వేలాడుతున్నాయి. ఇచ్చిన ప్రతివాళ్లూ బాగుందా అని అడిగారు. ప్రతిసారీ ఈయన బాగుందనే అన్నాడు.”

నర్సాగౌడ్ తల దించుకున్నాడు. “కష్టపడి చేసిచ్చినోళ్ల మొఖం మీద బాగలేదని ఎట్లంటం మేడం?”

హనుమకొండ శివార్లలోని ఆ కృత్రిమ అవయవాల విద్యాపీఠంలో పీజీ చదువు రెండేళ్లు. ఏడాదికి ఎనిమిది మందినే చేర్చుకునేవారు. చెయ్యి గానీ కాలు గానీ పోయినవాళ్లకు కొత్తది అమర్చడం ఆ చదువు. అందులో అన్నిటికన్నా కష్టమైనది సాకెట్, అంటే తెగిన కాలు దూరే గిన్నె. అది ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ కొరుకుతుందో చూపుతో పసిగట్టడానికి మంచి పనివాడికి పదేళ్ల అనుభవం కావాలి. ఆ పదేళ్లను పది నెలలు చేయడానికే వకుళ జంట తొడుగులు కనిపెట్టింది.

అవి జుట్టుకన్నా సన్నని లోహపు పోగులతో అల్లిన రెండు మేజోళ్లు. ఒకటి రోగి తెగిన కాలికి, సాకెట్ లోపల. రెండోది విద్యార్థి కాలికి, సరిగ్గా అదే చోట. రోగి నరాల్లో పరుగెత్తే కబురును మొదటిది వింటుంది, రెండోది దాన్ని విద్యార్థి నరాల చెవిన వేస్తుంది. ఒరిపిడి, మంట, దురద, నొప్పి, ఏదైనా సరే. రోగి మొహమాటపడినా అతని కాలు మొహమాటపడదు.

సుగుణ కన్నీళ్లు తుడుచుకుని సాకెట్ చేతిలోకి తీసుకుంది. ఎముక గుబ్బ తగిలే చోట పెన్సిలుతో గీత పెట్టింది. “దీన్ని మళ్లీ చేస్తా బాపూ. వచ్చే బుధవారం వస్తవా?”

“నీకు నొప్పయితదంటే నేను రాను బిడ్డా.”

“నువ్వు రాకపోతే నాకు చదువెట్లొస్తది?”

ఆ మాటకు నర్సాగౌడ్ నవ్వాడు. ప్రతి బుధవారం వచ్చాడు.

*

అయిదో సాకెట్‌కు ఎముక గుబ్బ మీది నొప్పి పోయింది. ఏడోదానికి వెనకవైపు మంట పోయింది. నర్సాగౌడ్ ఆ గదిలో కడ్డీలు పట్టుకోకుండా చివరి దాకా నడిచాడు. తోటి విద్యార్థి యాకూబ్ చప్పట్లు కొట్టాడు. కానీ సుగుణకు మనసు కుదుటపడలేదు. తొడుగు వేసుకున్న ప్రతిసారీ ఆమెకు ఇంకో నొప్పి తెలుస్తోంది. అది సాకెట్‌లో లేదు. సాకెట్‌కు కింద, ఏమీ లేని చోట ఉంది. పాదం ముందు భాగం తిమ్మిరెక్కి, వేళ్లు బిగుసుకుపోయినట్టు ఉండేది.

అది తన కాలి నొప్పేనేమో అనుకుంది. రోజంతా నిలబడుతున్నానుగా అని సర్దిచెప్పుకుంది. తొడుగులో తెలిసిన నొప్పులు రాసుకునే పత్రంలో తెగిన కాలికే గడులున్నాయి, దాని కింద ఏముందో రాయడానికి చోటు లేదు. అయినా వదలలేక తొడుగు ఇంకాసేపు, ఇంకాసేపు వేసుకునేది. నియమం గంట. ఆమె మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు గంటలు ఉంచుకునేది. ఆమె పని చూసి ముచ్చటపడ్డ వకుళ ఆ సంగతి పట్టించుకోలేదు.

సుగుణ ఇల్లు వరంగల్ కొత్తవాడలో. తల్లి సరోజన జంపఖానాలు నేస్తుంది. తండ్రి పోయాక ఆ మగ్గం మీదే కూతుర్ని చదివించింది. ఆ ఆదివారం పొద్దున సరోజన ముందుగదిలో పోగులు సరిచేసుకుంటోంది. సుగుణ వంటింట్లో గంజి వంచుతూ, సాకెట్ గురించి తల్లికి ఏదో చెబుతోంది. మూత జారి వేడి గంజి ఆమె ఎడమ పాదం మీద పడింది. సుగుణ మాట ఆపలేదు. మూత సరిచేసుకుని మళ్లీ వంచసాగింది.

“సుగుణా! కాలు!” సరోజన పోగులు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. “కాలు కాలుతున్నదే!”

సుగుణ కిందికి చూసింది. పాదం ఎర్రగా కందిపోయి ఆవిరి వస్తోంది. అది ఎవరిదో పాదాన్ని చూస్తున్నట్టుంది ఆమెకు. మంట లేదు. తడి లేదు. కానీ ఆ చోట ఇంకేదో ఉంది. బొటనవేలు కిందికి వంగిపోయింది, రెండో వేలు దాని మీదికెక్కింది, మిగతా మూడూ గోళ్లు దిగేలా దేన్నో పట్టుకున్నాయి. మళ్లీ చూసింది. ఆమె వేళ్లు మాత్రం తిన్నగా, బండ మీద ఆనుకునే ఉన్నాయి.

సరోజన చెంబుల కొద్దీ నీళ్లు పోసింది. బొబ్బలు లేచాయి. వాటికి మందు రాస్తుంటే కూతురు ఒక్కసారి కూడా కాలు వెనక్కి లాక్కోకపోవడం చూసి ఆమె మందు కింద పెట్టేసింది.

“ఏం చదువే ఇది? ఉన్న కాలు పోగొట్టుకునే చదువా? రేపటి నుంచి పోవుడు బంద్.”

“పోకపోతే ఇది ఎందుకయిందో ఎట్ల తెలుస్తదమ్మా?” అంది సుగుణ. ఆమెకూ భయంగానే ఉంది.

*

వకుళ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. గుండుసూదితో పాదమంతా తాకుతూ చీలమండ దాకా వచ్చింది. ఎక్కడా సుగుణ “ఆఁ” అనలేదు. వకుళ సూది పక్కన పెట్టింది. తర్వాత తన కుడి చెయ్యి చాపింది.

“ఈ చివరి రెండు వేళ్లు చూశావా? మూడేళ్లయింది, ఇవి నావి కావు. తొడుగును మొదట నా చేతి మీదే పరీక్షించాను. కర్మాగారంలో చెయ్యి పోయిన ఒకాయన నాకు జంటగా కూర్చునేవాడు. మెదడులో ప్రతి అవయవానికీ ఓ చోటుంటుంది సుగుణా. ఎక్కువసేపు వింటే, ఆ చోట ఎదుటివాళ్ల అవయవం వచ్చి కూర్చుంటుంది. నీది బయటికి పోతుంది.”

“మీకు తెలుసా మేడం?”

“నాకొక్కదానికే అయిందనుకున్నాను.” వకుళ చెయ్యి వెనక్కి తీసుకుంది. “అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. నిన్ను ఆపాల్సింది. ఆపలేదు.”

ఆ మధ్యాహ్నమే ఆమె తొడుగులన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేసింది. జరిగినదంతా తన తప్పుగా రాసి విద్యాపీఠం పాలక సంఘానికి ఉత్తరం పంపింది. నరాల వైద్యుడు సుగుణను చూశాడు. స్పర్శ ఏడాదికి తిరిగి రావచ్చన్నాడు, రాకపోవచ్చనీ అన్నాడు.

యాకూబ్‌కు మాత్రం కోపమొచ్చింది. “మరి మళ్లీ మనం ‘బాగుందా కాకా’ అని అడుక్కుంట కూసోవాల్నా? వాళ్లు మళ్లీ మంచిగుందంటరు. మళ్లీ గోడకు తగిలిస్తరు.”

సుగుణ తన పాదం కేసి చూసుకుంటోంది. తొడుగు తీసి మూడు రోజులైంది. అయినా ఆ బిగిసిన వేళ్లు అక్కడే ఉన్నాయి. అవి ఎవరివో ఆమెకు ఇప్పుడు తెలుసు.

*

నర్సాగౌడ్ ఊరు బస్సులో గంట ప్రయాణం. సుగుణ వెళ్లేసరికి అతను అరుగు మీద కూర్చుని తాటాకులు చీలుస్తున్నాడు. వెనక గోడకు మూడు పాత కాళ్లు దుమ్ముకొట్టుకుని వేలాడుతున్నాయి. సుగుణ చేసిన కాలు అతని ఒంటి మీద ఉంది. అది చూడగానే ఆమెకు కళ్లు చెమర్చాయి.

“కట్టెపుల్ల పట్టుకొని వచ్చినవేంది బిడ్డా? కాలికేమైంది?” అన్నాడు, ఆమె చేతికర్ర చూసి.

“బాపూ, నేనొకటడుగుత. అబద్ధం చెప్పొద్దు,” అంటూ అతని పక్కన కూర్చుంది. “నీ పోయిన కాలుంది గదా. దాని బొటనవేలు కిందికి వంగింది. రెండో వేలు దాని మీదికెక్కింది. తక్కిన మూడూ దేన్నో గట్టిగ పట్టుకున్నయ్. అవునా?”

నర్సాగౌడ్ చేతిలోని కత్తి జారింది.

“ఎవలు చెప్పిన్రు నీకు?” అన్నాడు.

“ఎవలు చెప్పలే. నాకు తెలుస్తున్నది.”

అతను తాటాకులు పక్కకు నెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. “నలభై అడుగుల చెట్టు. కల్లు దించుతున్న. మోకు తెగింది. చేతులు జారినయ్. ఆఖరుకు ఈ కాలొక్కటే చెట్టును పట్టుకున్నది, వేళ్లతోటి. ఇడిస్తే సస్త, పట్టుకో, పట్టుకో అనుకున్న. అదే ఆఖరు మాట. కండ్లు తెరిచేసరికి దవఖానల ఉన్న, కాలు లేదు. కని ఆ వేళ్లు ఇంక ఇడుస్తలెవ్వు బిడ్డా. పదకొండేండ్ల సంది ఇడుస్తలెవ్వు.”

“డాక్టర్లకు చెప్పలేదా?”

“లేని వేళ్లు గుంజుతున్నయంటే నవ్వరా? పిచ్చోడంటరు.”

అతని భార్య ఈశ్వరమ్మ నీళ్ల చెంబుతో గడపలోనే నిలబడిపోయింది. పదకొండేళ్లుగా పక్కనే ఉన్న ఆమెకూ ఈ సంగతి తెలియదు. చెంబు కింద పెట్టి, మొగుడి పక్కన కూర్చుని, లేని పాదం ఉండాల్సిన చోట చెయ్యి వేసింది. ఆ చేతికి ఏమీ తగల్లేదు. అతనికీ ఏమీ తెలియలేదు.

ఆ చెయ్యి చూస్తుంటే సుగుణకు ఆలోచన తట్టింది. అతని పాదానికి ‘వదులు’ అని చెప్పడానికి అక్కడ పాదం లేదు. కానీ ఆ పాదం ఇప్పుడు తన దగ్గర ఉంది. తనకు నిజమైన వేళ్లున్నాయి.

*

“రెండువైపులా కబురు పోయేటట్టు చేయొచ్చా మేడం?”

“చేయొచ్చు. పోగులకు దారి ఎటైనా ఒకటే. కానీ చేయను,” అంది వకుళ. “నీ కాలు ఇప్పటికే పోగొట్టాను.”

“నా కాలు ఆయన కాలు కింద ఇరుక్కున్నది. ఆయనది విడిస్తేనే నాది బయటికొస్తది. నాకైతే అట్లనే అనిపిస్తున్నది.”

వకుళ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తానే కొత్తవాడ వెళ్లింది. మగ్గం గుంట అంచున కూర్చుని సరోజనకు మొదటి నుంచీ అన్నీ చెప్పింది. తన రెండు వేళ్ల సంగతి, తాను దాచిన సంగతి కూడా చెప్పింది.

సరోజన చివరిదాకా విని అడిగింది. “ఆ మనిషికి నొప్పి పోతదా?”

“పోవచ్చు. పోకపోవచ్చు.”

“నా బిడ్డ కాలొస్తదా?”

“రావచ్చు. ఉన్న నష్టం పెరగనూ వచ్చు.”

సరోజన కూతురి వైపు చూసింది. బొబ్బలు మానిన చోట చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. “మీరు బాగుంటదనే చెప్తే వద్దందును మేడం. ఉన్నదున్నట్టు చెప్పిన్రు. నేను పక్కన కూసుంట. ఆపమంటే ఆపాలె.”

“ఆపుతాను,” అంది వకుళ.

సంఘం మూడు వారాలు చర్చించింది. నరాల వైద్యుడు ఎదురుగా ఉండాలని, ఇరవై నిమిషాలకు ఒక్క నిమిషం కూడా మించకూడదని షరతు పెట్టి ఒప్పుకుంది.

*

పొద్దున పదింటికి శిక్షణ గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒక దాంట్లో నర్సాగౌడ్, ఇంకో దాంట్లో సుగుణ. మధ్యలో నేల మీద సరోజన కూర్చుంది. గోడ పక్కన ఈశ్వరమ్మ, వైద్యుడు, యాకూబ్. వకుళ ఇద్దరికీ తొడుగులు వేసి మీట నొక్కింది.

నొప్పి ఒక్కసారిగా రెట్టింపైంది. ఇన్నాళ్లూ సుగుణకు తెలిసింది దాని నీడ మాత్రమే. ఇప్పుడు తాటి బెరడు గరుకు కూడా తెలుస్తోంది. కింద ఖాళీ తెలుస్తోంది.

“వేళ్లు విప్పు సుగుణా,” అంది వకుళ.

సుగుణ విప్పాలని చూసింది. కంటికి కనిపించే వేళ్లు పైకి లేచాయి. లోపల బిగిసినవి ఇంకా బిగిశాయి. నర్సాగౌడ్ బాధతో మూలిగాడు. మళ్లీ ప్రయత్నించింది. అతను కుర్చీ చేతులు పట్టుకుని “వద్దు వద్దు” అన్నాడు. ఆరు నిమిషాలు గడిచాయి. తొమ్మిది గడిచాయి. సుగుణ ముఖం చెమటతో తడిసిపోయింది.

“ఇక ఆపుదాం,” అన్నాడు వైద్యుడు.

“ఆగున్రి సారూ,” అంది సరోజన. ఆమె ఇందాకటి నుంచి కూతురి పాదాన్నే చూస్తోంది. “సుగుణా, నీకు వేళ్లు ఎట్లున్నట్టు తెలుస్తున్నయ్?”

“వంకరపోయినయమ్మా. బొటనవేలు మీద రెండోదున్నది.”

“నా కండ్లకు తిన్నగున్నయ్. తిన్నగున్నదాన్ని ఇంకా ఏం విప్పుతవ్? పోగు చిక్కువడితే గుంజుతమా? గుంజితే బిగుస్తది. ముందు లోపటికే నెట్టాలె. అప్పుడు వదులైతది.”

వకుళ ఉలిక్కిపడినట్టు తలెత్తింది. సరోజన అప్పటికే కూతురి పాదం ఒడిలోకి తీసుకుంది. సుగుణ చెబుతుంటే బొటనవేలిని కిందికి వంచింది. రెండో వేలిని దాని మీదికెక్కించింది. తక్కిన మూడింటినీ మడిచి తన అరచేతిలో పట్టుకుంది. కంటికి కనిపించే పాదం, లోపల బిగిసిన పాదం ఒకే రూపంలోకి వచ్చాయి.

నర్సాగౌడ్ ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు.

“ఎవలది ఆ చెయ్యి?” అన్నాడు.

కాలు లేని చోటికి వంగి చూశాడు.

“నా కాలు ఎవలో పట్టుకున్నరు. నా పాదం! యెచ్చగున్నది. ఎవలది?”

“నాదే అన్నా,” అంది సరోజన. “గట్టిగనే పట్టుకున్న. నువ్వు పడవు. ఇగ చెట్టునిడువు.”

ఆమె చిటికెనవేలు ముందు విప్పింది. తర్వాత దాని పక్కది. తొందరపడకుండా, పోగు తెగకుండా ముడి తీసేటప్పటిలాగా ఒక్కో వేలినీ కాస్త లోపలికి నొక్కి అప్పుడు పైకి లేపింది. రెండో వేలిని బొటనవేలి మీది నుంచి దించింది. చివరికి బొటనవేలు మిగిలింది. సుగుణ కళ్లు మూసుకుని తన బలమంతా ఆ వేలిలోకి పంపింది. అది తల్లి అరచేతిలో తనంత తానే కదిలింది. తెరుచుకుంది.

నర్సాగౌడ్ నోట్లోంచి గట్టిగా ఊపిరి బయటికొచ్చింది. భుజాలు జారాయి. మెడ వాలింది. అతనికి ఏమైందోనని ఈశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఇడిసినయ్,” అన్నాడు. “ఇడిసినయే ఈశ్వరీ. పాదం నేల మీదున్నది.”

పదిహేడో నిమిషంలో వకుళ మీట ఆపింది. సుగుణ ఇంకా కళ్లు తెరవలేదు. ఆమెకు ఎడమ పాదం కింద ఏదో తెలుస్తోంది. మగ్గం కర్ర పట్టీ పట్టీ కాయలు కాసిన అరచెయ్యి. ఆ గరుకు నర్సాగౌడ్‌ది కాదు, తాటి బెరడుదీ కాదు.

“అమ్మా,” అంది, “గోరు గుచ్చుకుంటున్నది. జర మెల్లగ పట్టుకో.”

సరోజన నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాకూబ్ ఈల వేశాడు. వైద్యుడు గుండుసూది కోసం జేబులు వెతుక్కున్నాడు.

*

సుగుణ పాదం రెండు వారాల్లో దాదాపుగా తిరిగి వచ్చింది. చిటికెనవేలు మాత్రం రాలేదు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఒకసారి కిందికి చూసుకుని అడుగు వేస్తుంది. వకుళ రెండు వేళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ వేళ్ల అసలు మనిషి రెండేళ్ల కిందటే చనిపోయాడు, వాటిని అడిగి తెచ్చుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఆ మాట ఆమె తన వ్యాసంలో దాచకుండా రాసింది. ఆ వ్యాసం చూసి దేశదేశాల నుంచి వైద్యులు హనుమకొండ వచ్చారు.

బీరువా తాళం తీశారు. కానీ పాత పద్ధతి పోయింది. తొడుగులు ఇక రెండువైపులా పలుకుతాయి. ఇరవై నిమిషాలు కాగానే వాటంతట అవే ఆగిపోతాయి. ప్రతిసారీ మూడో మనిషి పక్కన కూర్చోవాలి. రాసుకునే పత్రంలో తెగిన కాలి కింద, ఏమీ లేని చోటికి, కొత్తగా గడులు గీశారు. లేని అవయవాల నొప్పి గురించి పాఠ్యక్రమంలో కొత్త పేపర్ చేర్చారు. దాన్ని చెప్పడానికి చదువు ముగిసిన వెంటనే సుగుణనే నియమించారు.

ఆ పేపర్ మొదటి తరగతి రోజున జిల్లా నలుమూలల నుంచీ ఎనిమిది మంది వచ్చారు. చేతులు పోయినవాళ్లు, కాళ్లు పోయినవాళ్లు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోని నొప్పిని చెప్పుకోవచ్చని తెలిసి వచ్చారు. ఎనిమిది జతల కుర్చీలు ఎదురెదురుగా వేసి, ప్రతి జత పక్కనా మూడో మనిషిని కూర్చోబెట్టారు. విద్యార్థులు కొత్తవాళ్లు కావడంతో ఆ రోజుకు ఒక విద్యార్థికి బదులు యాకూబ్ కుర్చీలో కూర్చున్నాడు.

అతని ఎదురుగా ఉన్న భూలక్ష్మికి ముప్పై అయిదేళ్లుంటాయి. రైసుమిల్లు బెల్టులో కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది. మీట నొక్కగానే యాకూబ్ తన మణికట్టు పట్టుకున్నాడు.

“ఏదో కోస్తున్నది సుగుణా. చుట్టూతా. తీగ బిగించినట్టుంది.”

“గాజు,” అంది భూలక్ష్మి చిన్నగా. “రోల్డ్‌గోల్డ్ గాజు. బెల్టు గుంజినప్పుడు వంగి కండల దిగింది. చెయ్యి పోయింది గని గాజు పోలేదు. ఆరేండ్లాయె.” ఆమె ఎడమ చెయ్యి చాపింది. “దాని జోడు ఇదే.”

సుగుణ ఆ గాజును వేలితో తాకి చూసింది. “అది ఇస్తవా అక్కా?”

భూలక్ష్మి గాజు తీసి ఇచ్చింది. సుగుణ యాకూబ్ చేతికి సబ్బు రాసి దాన్ని ఎక్కించబోయింది. అతని చెయ్యి పెద్దది, గాజు చిన్నది. వేలి ఎముకల దగ్గర ఆగిపోయింది.

“ఎక్కదు సుగుణా, చెయ్యి ఇరుగుతది,” అన్నాడు యాకూబ్.

“ఎక్కాలె. బిగుసుగనే ఉండాలె.”

పక్క కుర్చీల వాళ్లు నవ్వుతూ చూస్తున్నారు. యాకూబ్ పళ్లు బిగబట్టాడు. గాజు చివరికి ఎక్కి మణికట్టు మీద బిగుసుకుంది. భూలక్ష్మి ముఖం ముడుచుకుంది. సరిగ్గా అదే చోట, అదే బిగువు.

“ఇప్పుడు తీస్తున్న,” అంది సుగుణ. “తొందర లేదు. నాతోపాటు నువ్వు కూడా తియ్యి అక్కా, మనసుల.”

మళ్లీ సబ్బు రాసింది. గాజును ముందు కాస్త వెనక్కి నెట్టింది. తర్వాత బొటనవేలి ఎముక మీదుగా మెల్లగా తిప్పుతూ ముందుకు జరిపింది. ఒక చోట ఆగింది. యాకూబ్ కళ్లు మూసుకున్నాడు. భూలక్ష్మి ఎడమ చెయ్యి గాలిలో తనకు తెలియకుండానే దేన్నో లాగుతోంది. గాజు జారి సుగుణ చేతిలోకి వచ్చింది.

భూలక్ష్మి తెగిన చేతి వైపు చూడలేదు. దానికి జానెడు అవతల, ఖాళీ గాలి వైపు చూసింది. అక్కడ మణికట్టును అటూ ఇటూ తిప్పుతున్నట్టుగా ఆమె భుజం మెల్లగా కదిలింది.

“గాలి తగుల్తున్నదమ్మా,” అంది. “ఆరేండ్లకు మణికట్టుకు గాలి తగుల్తున్నది.”

సుగుణ సబ్బు కడిగి, గాజు తుడిచి, ఆమె ఎడమ చేతికి తొడిగింది. ఈలోగా మూడో కుర్చీలోంచి ఒక ముసలాయన బిగిసిన మడమ ఇన్నాళ్లకు కదిలిందని అరిచాడు. ఆరో కుర్చీలో ఎవరో నవ్వుతూ ఏడుస్తున్నారు. గది నిండా, కంటికి కనిపించని చేతులూ కాళ్లూ ఒక్కొక్కటిగా విప్పుకుంటున్నాయి. సుగుణ చేతులు తుడుచుకుని తర్వాతి కుర్చీ దగ్గరికి నడిచింది.